ఇస్రాయేలు మూడో చెవి

పాలగుట్టలో నీళ్ల ఇస్రాయేలుకు మూడు చెవులని పేరు. రెండు తల్లి కడుపులోంచి తెచ్చుకున్నవి. మూడోది కమ్మరి వీరాచారి కొలిమిలో పుట్టింది. నాలుగడుగుల ఇనుప కడ్డీ. ఒక కొన మొనదేలి ఉంటుంది, రెండో కొనకు తుమ్మకర్రతో చెక్కిన గుండు ఉంటుంది. మొనను రోడ్డు మీద ఆనించి, గుండును చెవికి అదుముకుని కళ్లు మూసుకున్నాడంటే, భూమిలో మూడడుగుల లోతున నీళ్ల పైపు ఎక్కడ పగిలిందో ఆయనకు వినబడుతుంది. ఆ కడ్డీకి ఆయన పెట్టుకున్న పేరు కూడా చెవే. పొద్దున్నే "నా చెవి యాడున్నదే?" అని అడిగితే, ఆయన భార్య బాలనర్సమ్మ పొయ్యి దగ్గరి నుంచే "తలకాయకు అటొకటి ఇటొకటి ఉంటయి, తడుముకో" అనేది.

అసలు పాలగుట్టలో నల్లా నీళ్ల సంగతి చెప్పాలంటే ఇస్రాయేలును వదిలేసి చెప్పడం కుదరదు. ఆయన తండ్రి జాషువా బతికినన్నాళ్లూ ఒక పటేలు బావి దగ్గర మోట తోలాడు. ఊరి పొలాలకు నీళ్లు తోడిన ఆ మనిషికి దాహమేస్తే దోసిలి పట్టాలి, ఎవరో పైనుంచి పోయాలి. అటువంటి ఇంట్లో పుట్టిన కొడుకు చేతికి ఊరి నీళ్లన్నీ వచ్చాయి. రెండువేల మూడులో పంచాయతీ వాళ్లు ఇస్రాయేలును వాటర్‌మ్యాన్‌గా పెట్టుకున్నారు. ఏ గేరికి, అంటే ఏ వాడకు, ఎప్పుడు నీళ్లు వదలాలో ఆయన ఇష్టం. అయినా ఇరవై ఏళ్లలో ఒక్క గేరికైనా అన్యాయం చేశాడన్న మాట నేనెక్కడా వినలేదు. విని ఉంటే ఇక్కడ రాసేవాణ్నే.

పైపులైను వేయడానికి వచ్చిన ముసలి ఫిట్టరు ఒకాయన పోతూ పోతూ ఈ చెవి విద్య నేర్పిపోయాడు. "నీళ్లు ఊకె ఉండయి ఇస్రాయేలూ, తప్పిచ్చుకపోయేటప్పుడు సప్పుడు జేస్తయి. నువ్వు మట్టుకు ఊకుండి ఇను" అన్నాడట. ఇస్రాయేలు తన సొంత డబ్బుతో, రెండు రోజుల కూలి పెట్టి, వీరాచారి దగ్గర కడ్డీ చేయించుకున్నాడు. గుండు మాత్రం తనే చెక్కుకున్నాడు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ గుండు అరిగి అరిగి ఆయన చెవి ఎంతుందో అంతే గుంట పడింది. ఇంకొకరు పెట్టుకుంటే కుదరదు.

తర్వాత రాష్ట్రం వచ్చింది. పంచాయతీ పోయి మున్సిపాలిటీ అయింది. వాటర్‌మ్యాన్ పోయి ఔట్‌సోర్సింగు అయింది. కొత్త పైపులు పడ్డాయి, చక్రం తిప్పే కొత్త వాల్వులొచ్చాయి. ఇస్రాయేలు మాత్రం అదే సైకిలు, అదే కడ్డీ. ఇంజనీర్లు మారుతూ ఉండేవాళ్లు. కొత్తగా వచ్చిన ప్రతివాడూ మొదటివారం ఆయన్ను చూసి నవ్వడం, రెండోవారం పైపు పగిలితే ఆయన ఇంటికి మనిషిని పంపడం మామూలే.

పోయిన ఎండాకాలం మున్సిపాలిటీ వాళ్లు పాత పంపుహౌసు షెడ్డును కూలగొట్టి కూరగాయల మార్కెట్టు కడదామనుకున్నారు. షెడ్డులో పంచాయతీ కాలం నాటి సామానంతా పడి ఉంది. కాలిపోయిన మోటార్లు, కాళ్లు విరిగిన కుర్చీలు, వీధి దీపాల డబ్బాలు, తుప్పు పట్టిన పైపులు. మన ఇంట్లో సామానైతే పాత ఇనుపోణ్ని పిలిచి, ఇచ్చినంత పుచ్చుకుని చేతులు దులుపుకుంటాం. సర్కారు సామాను అట్లా కాదు. ముందు ప్రతి వస్తువూ జాబితాలోకి ఎక్కాలి. ఇది ఇక పనికిరాదని ఇంజనీరు సంతకం పెట్టాలి. కౌన్సిలు తీర్మానం కావాలి. వారం రోజులు నోటీసు బోర్డు మీద ఉండాలి. అప్పుడు నలుగురి ముందు వేలం పాట పెట్టాలి. ఆఫీసులో పనిచేసేవాళ్లు గానీ, వాళ్ల ఇంటివాళ్లు గానీ పాట పాడరాదు. విరిగిన కుర్చీకి ఇంత మర్యాదా అని నవ్వొస్తుంది గానీ, ఆ మర్యాద లేని రోజుల్లో మంచి కుర్చీలు కూడా ఎవరెవరి ఇళ్లకు నడిచిపోయాయో ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు.

జాబితా రాసే పని అనూహ్య మీద పడింది. మహబూబ్‌నగర్ పిల్ల, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. రూల్సు కాగితాల మీద పచ్చరంగు, గులాబీరంగు గీతలు గీసుకుని మరీ చదివింది. దుమ్ములో తుమ్ముకుంటూ రెండు రోజులు షెడ్డులోనే కూర్చుని లెక్క చూసుకుంది. పాత పంచాయతీ స్టాకు పుస్తకంలో "వాల్వు చెవులు, మూడు" అని ఉంది. వాల్వు చెవి అంటే తాళంచెవి లాంటిదే. పాత వాల్వులను తిప్పడానికి వాడిన బరువైన ఇనుప సాధనం, పైన అడ్డ పిడి ఉంటుంది. అటువంటివి షెడ్డులో రెండే కనబడ్డాయి. మూడోది లేదు. మూలకు గోడకానించి మాత్రం ఒక పొడుగాటి కడ్డీ ఉంది.

ఆ రెండు రోజులూ ఇస్రాయేలు ఊళ్లో లేడు. నారాయణపేటలో ఉన్న బిడ్డ శ్రీదేవికి కొడుకు పుడితే, ఇరవై ఒకటో రోజు చూసి రావడానికి భార్యాభర్తలిద్దరూ పోయారు. పోయేముందు డ్యూటీ దిగుతూ ఆయన తన కడ్డీని షెడ్డు మూలకు ఆనించి పోయాడు. తిరుగు బస్సులో నిలబడి ఉండగా అనూహ్య ఫోను చేసింది.

"ఇస్రాయేలన్నా, షెడ్డుల మూలకు పొడుగాటి ఇనుపది ఒకటున్నది. ఏందది?"

"అది నా చెవి మేడం! జర పైలం!" అని అరిచాడు ఇస్రాయేలు. సరిగ్గా "నా" దగ్గర బస్సు హారను మోగింది. ఆ పిల్లకు చెవి అన్న మాటొక్కటే చేరింది.

మన భాషలో వినేదీ చెవే, తాళం తీసేదీ చెవే. ఎన్ని తరాలుగా ఈ మాటను రెండు పనులకూ వాడుకుంటున్నా ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. ఆరోజు వచ్చింది. మూడో చెవి దొరికిందని అనూహ్య సంతోషంగా టిక్కు పెట్టుకుంది. జాబితాలో వాల్వు చెవుల వరుస నంబరు పదిహేడు. పసుపురంగు పెయింటుతో కడ్డీ మీద కూడా అదే నంబరు వేయించింది. ఇంజనీరు సంతకం, కౌన్సిలు తీర్మానం రెండూ ఒక్క రోజులో అయిపోయాయి. షెడ్డుకు సీలు పడింది.

ఇస్రాయేలు మర్నాడు డ్యూటీకి వచ్చి, షెడ్డు కిటికీ ఊచల్లోంచి చూసేసరికి ఆయన చెవి మోటార్ల పక్కన, ఒంటి మీద పచ్చబొట్టులా నంబరుతో పడి ఉంది. ఉరికినట్టే ఆఫీసుకు పోయాడు.

"మేడం, గా పదిహేడు నంబరు సర్కారుది గాదు. నాది. నేను చేయిచ్చుకున్నది."

"నువ్వే గదన్నా చెవి అన్నవు?"

"చెవే మేడం. గీ చెవి!" అని తన చెవి పట్టుకుని చూపించాడు. పైపుల చప్పుడు ఎట్లా వింటాడో మొత్తం చెప్పాడు. వింటున్నకొద్దీ అనూహ్య మొహం పాలిపోయింది. తప్పు ఎక్కడ జరిగిందో ఆమెకు అర్థమైపోయింది. కానీ తీర్మానం అయిపోయింది, నోటీసు అంటించేశారు.

"ఒక్కసారి జాబితా పాసయినంక అండ్లకెళ్లి చీపురు పుల్ల సుత తీయరాదన్నా. తీస్తే నేనే సామాను మాయం జేసిన్నంటరు. అభ్యంతరం ఉంటే రాసియ్యుమని నోటీసులనే ఉన్నది. నేను దరఖాస్తు రాస్త, కమిషనర్ సారుకు ఇద్దాం."

దరఖాస్తు ఆమే రాసింది, ఇస్రాయేలు సంతకం పెట్టాడు. కమిషనరు చెడ్డమనిషి కాదు. మొత్తం చదివి, కళ్లజోడు తీసి, "నీదేనని రుజువేంది ఇస్రాయేలూ? రసీదు గిట్ల ఉన్నదా?" అని అడిగాడు. కొలిమి దగ్గర రసీదు ఇస్తారా ఎవరైనా? చేసిన వీరాచారి చెబుతాడా అంటే, ఆయన కరోనా ఏడాది పోయాడు. షెడ్డులో పెట్టిన వస్తువు, మున్సిపాలిటీ పనికి వాడిన వస్తువు, పాత పుస్తకంలో లెక్క కుదిరిన వస్తువు. దాన్ని రుజువు లేకుండా తీసి ఇస్తే రేపు ఇంకొకడొచ్చి మోటారు నాదంటాడు. ఆ మాటా నిజమే. నిజం కాబట్టే ఇస్రాయేలుకు కోపం కూడా రాలేదు. ఎవరి మీద కోపగించుకోవాలో తెలియక మెట్ల మీద కూర్చున్నాడు.

ఇంజనీరు ప్రవీణ్ కుర్రవాడు, అటుగా పోతూ ఆగాడు. "గంత ఫికరెందుకన్నా, పాట అయినంక కొన్నాయన్ను అడిగి కొనుక్కో" అన్నాడు. అదీ కుదరదని అనూహ్యే చెప్పింది. వేలంలో పోయిన సామాను మళ్లీ ఆఫీసు మనిషి ఇంట్లో తేలితే, వాడే దొంగచాటుగా పాట పాడించాడంటారు. ఔట్‌సోర్సింగు ఉద్యోగం ఊడటానికి అంతకంటే కారణం అక్కర్లేదు.

ఇక్కడితో అయితే ఇది పోయిన వస్తువు కథ. కానీ అదే వారం ఎగువ గేరికి నీళ్లు రావడం ఆగిపోయింది.

పంపు నడుస్తోంది, ట్యాంకు నిండుతోంది, నీళ్లు మాత్రం ఎగువ గేరికి చేరడం లేదు. సగం దూరంలో ఎక్కడో భూమి తాగేస్తోంది. బిందెలు పట్టుకుని ఆడవాళ్లు ఆఫీసు ముందుకొచ్చారు. ఆ గేరిలో ఉండే ఈదమ్మ, ఎనభై ఏళ్ల మనిషి, ఖాళీ బిందె ఇస్రాయేలు ముందు పెట్టి, "ఇరవై ఏండ్లకెళ్లి నీ నీళ్లు తాగుతున్న కొడుకా, ఏమైంది నీకు?" అని అడిగింది. ఆ అడగటంలో తిట్టు లేదు. తిట్టినా బాగుండేది.

ప్రవీణ్ జేసీబీ తెప్పించి అంచనా మీద రెండుచోట్ల తవ్వించాడు. రెండుచోట్లా పైపు బంగారంలా ఉంది. ఇస్రాయేలు వెల్డింగు షాపుకు పోయి అంతే పొడవు కడ్డీ ఒకటి తెచ్చుకున్నాడు. రోడ్డు మీద ఆనించి చెవి పెట్టాడు. ఏమీ లేదు. గడ్డపార పెట్టి చూశాడు. ఏమీ లేదు. మనుషులను తప్పుకోమని, బండ్లు ఆపించి, మోకాళ్ల మీద కూర్చుని రోడ్డు పొడుగునా పదిహేను చోట్ల విన్నాడు. తన నెత్తురు తనకు కొట్టుకోవడం తప్ప ఇంకేమీ వినబడలేదు.

అప్పుడు పుట్టింది ఆయనకు అసలు భయం. పోయింది కడ్డీయేనా? వయసు యాభై ఏడు దాటింది. పంపుల మోతలో ఇరవై ఏళ్లు బతికిన చెవులు. కొంచెం కొంచెంగా ఎప్పుడో పోయి ఉంటే, అలవాటైన కడ్డీ పట్టుకుని అలవాటైన చోట చూపిస్తూ నెట్టుకొచ్చాడేమో. కడ్డీ చేతిలో ఉంటే పరీక్షించుకోవచ్చు. సీలు వేసిన తలుపు వెనక ఉన్నదాన్ని ఎట్లా పరీక్షించుకుంటాడు? అది ఇనుపోళ్ల బండెక్కి పోయిందంటే, తను ఇంకా వినగలడా లేదా అన్నది చచ్చేదాకా తెలియదు. నిద్రలేని మనిషిలా తిరిగాడు ఆ వారమంతా.

ఇంట్లో ఇంకొకటి జరిగింది. బాలనర్సమ్మకు ముప్ఫై ఏళ్లుగా ఒకటే ఫిర్యాదు, పిలిస్తే పలకడని. "ఊరందరి పైపులు ఇనవడ్తయి, పెండ్లాం మాట ఇనవడదు ఈ చెవిటి మాలోకానికి" అని రోజుకు నాలుగుసార్లయినా అనేది. నిజానికి ఆయనకు వినబడేది. బజారుకు పొమ్మంటుందని పలికేవాడు కాదు, అంతే. అటువంటి బాలనర్సమ్మ ఆ వారంలో చెవిటి అన్న మాటే ఎత్తలేదు. ఏదైనా చెప్పాలంటే దగ్గరికొచ్చి, ఎదురుగా నిలబడి, కొంచెం గట్టిగా, చాలా మర్యాదగా చెప్పేది. ఆ మర్యాద ఇస్రాయేలును తిట్లకంటే ఎక్కువ కుంగదీసింది. ఈమె కూడా నమ్మేసిందన్నమాట అనుకున్నాడు.

ఎనిమిదో రోజు పాట. షెడ్డు ముందు టెంటు వేశారు. కమిషనరు, ప్రవీణ్, జాబితా పట్టుకుని అనూహ్య. ధరావతు కట్టిన పాటదారులు ఆరుగురు వచ్చారు. నల్లగొండ, సూర్యాపేట నుంచి వచ్చిన ఇనుము వ్యాపారులు వాళ్లు. సామాను మూడు లాట్లు చేశారు. చెక్క సామాను ఒకటి, కరెంటు సామాను ఒకటి, ఇనుము ఒకటి. ఇస్రాయేలు రావద్దనుకుంటూనే వచ్చి వేపచెట్టు మొదట్లో నిలబడ్డాడు.

ఇనుము లాటు నల్లగొండ ఎల్లేష్‌కు పోయింది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అనగానే ఇస్రాయేలు తల దించుకున్నాడు. అయిపోయింది అనుకున్నాడు.

కాలేదు. ఎల్లేష్ డబ్బు ఊరికే పారేసే రకం కాదు. పాట డబ్బు కట్టేసి, రసీదు జేబులో పెట్టుకుని, "జాబితా సదువుండ్రి మేడం, ఒక్కొక్కటి జూస్కొని ఎక్కిచ్చుకుంట" అన్నాడు. మోటార్లు ఎక్కాయి, పైపులు ఎక్కాయి. "వాల్వు చెవులు, మూడు" అని చదివింది అనూహ్య. ఎల్లేష్ ఒక చెవిని రెండు చేతులతో ఎత్తి చూశాడు. తొమ్మిది కిలోలకు తక్కువ ఉండదు. రెండోది ఎత్తాడు. మూడోదానికి వంగి, కడ్డీని ఒంటిచేత్తో లేపి, అటూ ఇటూ తిప్పాడు.

"గిదేంది సార్? గిది చెవి గాదు. రెండు కిలోలు సుత లేదు. ఇండ్ల చెవులు మూడని రాసిండ్రు, ఉన్నయి రెండు. నా మూడో చెవి ఏది?"

కమిషనరు కాగితాలు లాక్కుని చూశాడు. ఉన్న సామాను ఉన్నట్టు తీసుకోవాలి, తుప్పు ఉన్నా విరిగినా అడగరాదు అన్నది షరతే. కానీ రాసిన వస్తువు లేకపోవడం వేరు. లెక్క తప్పితే ఆ లాటు పాటే రద్దు చేయాలి, మళ్లీ మొదటినుంచి రావాలి. అనూహ్య జాబితా చివరి పేజీ తిప్పి చూసుకుంది. మూడుకు మూడూ ఉన్నాయని సంతకం పెట్టింది ఆమే.

ఇస్రాయేలు చూపు మాత్రం ఎల్లేష్ కింద పెట్టిన ఆ బరువైన చెవి మీద ఉంది. ఆ అడ్డ పిడిని, కింద చతురస్రపు గుంటను ఈమధ్య ఎక్కడో రోజూ చూస్తున్నాడు. ఎక్కడ? ఒక్క క్షణం పట్టింది. వాళ్ల వాకిట్లో, కోళ్ల గంప మీద. పిల్లులు గంప తోసెయ్యకుండా బాలనర్సమ్మ పెట్టిన బరువు. పంచాయతీ రోజుల్లో కోడికూత వేళకే వాల్వు తిప్పాలి కాబట్టి ఒక చెవి ఆయన ఇంట్లోనే ఉండేది. కొత్త వాల్వులొచ్చాక దానితో పని లేకుండా పోయింది. ఆయన మరిచిపోయాడు. ఆమెకు అది ఎప్పుడో గంప మీది ఇనుమైపోయింది.

చెప్పాలా? సర్కారు సామాను ఆరేళ్లుగా నీ ఇంట్లో ఉందా అని అడిగితే? కొన్న కడ్డీ ఇంట్లో తేలితేనే ఉద్యోగం పోతుందన్నారు, ఇది మొదటినుంచీ ఇంట్లోనే ఉంది. నోరు మూసుకుంటే ఏమవుతుంది? పాట రద్దవుతుంది, పిల్ల మీద మచ్చ పడుతుంది, కడ్డీ మళ్లీ సీలు వెనక్కి పోతుంది. ఇస్రాయేలు వేపచెట్టు వదిలి టెంటులోకి నడిచాడు.

"సార్, మూడో చెవి మా ఇంట్ల ఉన్నది. కోళ్ల గంప మీద."

ఎవరో కిసుక్కుమన్నారు. కమిషనరు నవ్వలేదు. ఎందుకు ఇంట్లో ఉందని అడిగాడు. ఇస్రాయేలు ఉన్నదున్నట్టు చెప్పాడు, ఒక్క మాట అటూ ఇటూ చేయలేదు. "తప్పయింది సార్, యాది మర్శిన" అన్నాడు చివరకు.

"పోయి తే" అన్నాడు కమిషనరు.

ఇస్రాయేలు సైకిలు ఎంత జోరుగా తొక్కాడో ఆ చెయిన్‌కే తెలియాలి. పావుగంటలో వెనక క్యారియరుకు తాడుతో కట్టిన వాల్వు చెవితో వచ్చి దిగాడు. దాని మీద కోడిరెట్టలు ఇంకా ఉన్నాయి. ఎల్లేష్ ఎత్తి చూసి, మొహం చిట్లించి, "చెవే" అని ఒప్పుకున్నాడు. లెక్క మూడుకు మూడూ కుదిరింది. అనూహ్య ఊపిరి పీల్చుకున్న చప్పుడు పక్కవాళ్లకు కూడా వినబడింది.

ఇక కడ్డీ మిగిలింది. ఎల్లేష్ దాన్ని కూడా బండిలోకి విసరబోతే అనూహ్య చేయి అడ్డం పెట్టింది. గొంతు సన్నగానే ఉంది గానీ మాట తడబడలేదు.

"జాబితాల లేనిది అమ్ముడువోదన్నా. మూడు చెవులు మీకొచ్చినయి. ఇది లిస్టుల లేదు, స్టాకు పుస్తకంల లేదు. ఇది మున్సిపాలిటీది గానే గాదు."

ఆమె కమిషనరు వైపు చూసింది. కమిషనరు జాబితా ఇంకోసారి చదువుకున్నాడు. వారం కిందట రుజువేదని అడిగిన మనిషికి ఇప్పుడు రుజువు తన చేతిలోనే ఉంది. "లిస్టుల లేనిది అమ్మనీకె నాకు అధికారం లేదు" అని కడ్డీని తనే తీసుకుని ఇస్రాయేలుకు అందించాడు. "ఇంకోసారి ఆఫీసు సామాను కోళ్లకు పెట్టకు" అని మాత్రం అన్నాడు.

ఏ రూలైతే చీపురుపుల్ల కూడా తీయరాదని ఆయన నోరు మూయించిందో, అదే రూలు ఆయన చెవిని ఆయనకిచ్చింది. రూల్సంటే ఒంటికాలి మీద లేచే నాలాంటివాడు కూడా ఆరోజు కొంచెం తగ్గాల్సి వచ్చింది. ఇస్రాయేలుకు మాత్రం ఇంకా సంతోషించే ధైర్యం రాలేదు. అసలు పరీక్ష ఇప్పుడే ఉంది.

అటునుంచి అటే ఎగువ గేరి రోడ్డెక్కాడు. వెనక ప్రవీణ్, అనూహ్య, టెంటు కిందినుంచి లేచొచ్చిన సగం జనం. గుర్వయ్య కిరాణా దుకాణం మలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. మొనను రోడ్డుకు ఆనించాడు. గుండులోని గుంటలో చెవి ఎప్పటిలాగే సరిగ్గా ఒదిగింది. కళ్లు మూసుకున్నాడు. మొదట ఏమీ లేదు. ఊకుండి ఇను అన్న ఫిట్టరు మాట గుర్తొచ్చింది. ఊపిరి బిగబట్టాడు.

వచ్చింది. ఎక్కడో దూరాన, పాలు పొంగబోయేముందు గిన్నెలో వచ్చే సన్నటి చప్పుడు. నాలుగడుగులు ముందుకు జరిగాడు, పెరిగింది. ఇంకో రెండడుగులు, ఎడమకు ఒక జానెడు. ఇప్పుడది చప్పుడు కాదు, ఒకటే ఒర్రుడు, ఒకటే కేక. ఇస్రాయేలు కళ్లు తెరవకుండానే కాసేపు అట్లాగే ఉండిపోయాడు. కళ్లలోంచి నీళ్లు కారి కడ్డీ వెంట దిగాయి. వినబడుతోంది. తనకు వినబడుతోంది. ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

"ఈడ తవ్వుండ్రి" అన్నాడు.

మూడడుగులు తవ్వగానే బురద, ఆ బురద కింద పగిలిన జాయింటు. నీళ్లు ఎగిసి ప్రవీణ్ ప్యాంటు మోకాళ్లదాకా తడిపాయి. అతను నవ్వుతూ అక్కడే నిలబడ్డాడు. సాయంత్రానికి ఎగువ గేరి నల్లాలు గుర్రు గుర్రుమని దగ్గి నీళ్లు పోశాయి. ఈదమ్మ మొదటి బిందె నింపుకుని, చెంబెడు నీళ్లు తెచ్చి ఇస్రాయేలు చేతికిచ్చింది. ఆయన తాగాడు.

అనూహ్య ఆ కడ్డీని చేతిలోకి తీసుకుని, పసుపురంగు నంబరు తుడిపిస్తానంది. వద్దన్నాడు ఇస్రాయేలు. "ఉండనియ్యి బిడ్డా. రేపు ఇంకొకరొచ్చి ఇదేందని అడిగితే నువ్వే జవాబు చెప్పాలె. చెవి అని మట్టుకు చెప్పకు." ఆ పిల్ల పగలబడి నవ్వింది.

ఆయన ఇల్లు చేరేసరికి కోళ్లన్నీ వాకిట్లోనూ గోడల మీదా ఉన్నాయి. గంప ఒకపక్కకు దొర్లి ఉంది. ఇస్రాయేలు కడ్డీని గుడ్డతో తుడిచి గోడకానించి, గడప మీద కూర్చున్నాడు. బాలనర్సమ్మ లోపల పొయ్యి దగ్గర ఉంది. సంగతంతా ఆమెకు అప్పటికే చేరింది. లేచి రాలేదు, ఎదురుగా నిలబడలేదు, గొంతు పెంచలేదు. వెనక్కి తిరగకుండానే, పెనం మీద రొట్టె తిప్పుకుంటూ, మునుపటి గొంతుతో అంది:

"గంప మీది ఇనుము ఎత్కపోయినవ్, కోళ్లన్ని ఊరు మీద పడ్డయి. చెవి దొరికిందట గద? ఇగనన్న పోయి పట్టుకొస్తవా చెవిటి మాలోకం?"

ప్రతి అక్షరం వినబడింది ఇస్రాయేలుకు. ఎనిమిది రోజుల తర్వాత ప్రాణం కుదుటపడింది. కాళ్లు చాపుకుని, గోడకు ఆనుకుని, అలవాటు ప్రకారం వినబడనట్టే కూర్చున్నాడు.